పవర్ టూల్‌లో ప్రభుత్వం అడిగిన భద్రత నిజంగా ఉందా? మీరే చూసుకోవడం ఎలా

కొత్త మిషన్ పెట్టె విప్పగానే అందరం చేసే పని ఒకటే. ప్లగ్గు పెట్టి, స్విచ్ నొక్కి, ఎంత జోరుగా తిరుగుతుందో చూస్తాం. ఈసారి ఆ ముచ్చట చివరికి వాయిదా వేయండి. ముందు ఓ అరగంట కరెంటు జోలికి పోకుండా మిషన్‌ని అటూ ఇటూ తిప్పి చూద్దాం. మిషన్‌తో వచ్చిన పుస్తకం, స్కేలు, పెన్ను, కాగితం, మంచి వెలుతురు ఉంటే చాలు. పాత మిషన్‌కైనా, సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నదానికైనా ఇదే పద్ధతి.

రంపాలు, గ్రైండర్ల మీద ప్రభుత్వాలు పెట్టే నియమాల్లో చాలావరకు తయారుచేసేవాళ్లకీ అమ్మేవాళ్లకీ సంబంధించినవి. మనుషుల్ని పెట్టి పని చేయించే యజమానికి వేరే నియమాలుంటాయి. ఇంట్లో సొంతంగా చెక్క కోసుకునే మనిషి దగ్గరికి మాత్రం ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. ఆయన దాకా చేరేది ఆ నియమాల వల్ల మిషన్‌కి వచ్చి పడ్డ భాగాలే: ఓ గార్డు, ఓ స్విచ్, ఓ ఉక్కు రేకు, ఓ నేమ్ ప్లేట్. అవి ఎందుకున్నాయో తెలియకపోతే మొదటి వారంలోనే ఊడదీసి మూల పడేస్తాం. నేనూ పడేసినవాణ్నే.

యూరప్ యంత్రాల నిబంధనల్లో ఓ వరస ఉంది. ప్రమాదాన్ని ముందు డిజైన్‌లోనే తీసేయాలి. తీయడం కుదరనిదానికి గార్డు కట్టాలి. అప్పటికీ ఏమైనా మిగిలితే దాని గురించి వాడేవాళ్లను హెచ్చరించాలి. అంటే స్టిక్కర్ ఆఖరి మెట్టు. మిషన్ నిండా హెచ్చరికల స్టిక్కర్లుండి, గార్డు మాత్రం వదులుగా ఊగుతుంటే, తయారుచేసినవాళ్లు ఆ వరసను తిరగేశారని అర్థం.

మొదట నేమ్ ప్లేట్

మిషన్ ఒంటి మీద చిన్న రేకో, స్టిక్కరో ఉంటుంది. తయారీదారు పేరు, చిరునామా, మోడల్, సీరియల్ నంబరు, వోల్టేజీ, వాట్లు, లోడ్ లేనప్పుడు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న అంకె అక్కడ ఉండాలి. చుట్ల అంకెను కాగితం మీద రాసుకోండి, కాసేపట్లో దానితో పని పడుతుంది. మోడల్, సీరియల్ నంబర్లను ఫోటో తీసి పెట్టుకోండి, ఏడాది తిరిగేసరికి ఆ అక్షరాలు దుమ్ముకీ నూనెకీ చెరిగిపోతాయి.

యూరప్‌లో అమ్మే యంత్రం మీద తయారీదారు పేరు, పూర్తి చిరునామా, తయారైన సంవత్సరం ఉండి తీరాలి. మీరు ఎక్కడ కొన్నా అదే కొలత పెట్టుకోండి. పేరు మాత్రమే ఉండి చిరునామా లేని మిషన్‌తో రేపు ఏదైనా జరిగితే అడగడానికి మనిషే ఉండడు.

తర్వాత గుర్తులు, వాటి వెనక ఎవరున్నారు

సీఈ అన్న గుర్తు చూడగానే ఏదో ప్రభుత్వ ల్యాబు పరీక్షించిందని చాలామంది అనుకుంటారు. అది తయారీదారు సొంతంగా ఇచ్చుకునే మాట: ‘యూరప్ నియమాలన్నీ పాటించాను, బాధ్యత నాది’ అని. చాలా మిషన్ల విషయంలో మధ్యలో ఇంకెవరూ చూడరు. కానీ చెక్క కోసే గుండ్రటి రంపాలు, చేతిలో పట్టుకునే చెయిన్ సాల వంటి వాటికి ప్రత్యేక జాబితా ఉంది. వాటిని అధికారికంగా ఒప్పుకున్న ప్రమాణం ప్రకారం పూర్తిగా తయారుచేయకపోతే బయటి సంస్థ పరీక్ష తప్పనిసరి. ఇవన్నీ ఉన్న పాత యూరప్ యంత్రాల డైరెక్టివ్ స్థానంలో 2023లో చేసిన కొత్త యంత్రాల రెగ్యులేషన్ 2027 జనవరి నుంచి అమలవుతుంది.

అమెరికా పరీక్షా సంస్థ యూఎల్ గుర్తు, జర్మనీ వాళ్ల జీఎస్ గుర్తు వేరు. అక్కడ తయారీదారు కాని మూడో సంస్థ మిషన్‌ని పరీక్షిస్తుంది. ఐఎస్ఐ గుర్తయితే దాని పైన ప్రమాణం నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో, దేనికి ఇచ్చారో తెలుస్తుంది. నంబరు లేని గుర్తు ఎవరైనా అచ్చేయించుకోగల బొమ్మ.

ఇక్కడ ఓ చిట్కా. ఫలానా ప్రమాణాలు పాటించానని తయారీదారు రాసిచ్చే డిక్లరేషన్ కాగితం పెట్టెలో ఉంటే, దానిలో ప్రమాణాల నంబర్లు చూడండి. కరెంటు టూల్స్‌కి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62841. దాని వెనక వచ్చే మొదటి అంకె మిషన్ రకాన్ని చెబుతుంది: 2 అంటే చేత్తో పట్టుకునేది, 3 అంటే తీసుకెళ్లి బల్ల మీదో నేల మీదో పెట్టి వాడేది, 4 అంటే తోటపని మిషన్. 62841-2-3 యాంగిల్ గ్రైండర్‌ది, 62841-3-1 బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకొచ్చే టేబుల్ సాది, 62841-4-1 చెయిన్ సాది. టేబుల్ సా పెట్టెలో గ్రైండర్ నంబరున్న కాగితం కనిపిస్తే ఆ కాగితం ఇంకో మిషన్‌ది. దాన్ని నమ్మి ఆ రంపం కొనకండి.

ఇక గార్డులు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. టేబుల్ సా దగ్గర్నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే ప్రభుత్వానికీ పరిశ్రమకీ మధ్య ఎక్కువ తగువు నడిచింది దీని మీదే. అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్‌సీ లెక్క ప్రకారం 2015లో ఆ దేశంలో టేబుల్ సా బ్లేడు తగిలి ఆసుపత్రుల ఎమర్జెన్సీకి వెళ్లినవి దాదాపు 30,800 గాయాలు. అందులో దాదాపు 4,700 కేసుల్లో వేలో, వేలి ముక్కో తెగిపోయింది. ఒక్క దేశంలో, ఒక్క రకం మిషన్‌తో, ఒక్క ఏడాదిలో.

చాలామంది చెయ్యి నేరుగా బ్లేడు మీదికి వెళ్తుందని అనుకుంటారు. తరచూ జరిగేది వేరు. కోసిన చెక్క రెండు ముక్కలూ బ్లేడు వెనక మళ్లీ దగ్గరకొచ్చి బ్లేడును నొక్కుతాయి. బ్లేడు వెనక పళ్లు పైకి లేస్తూ చెక్కను ఎత్తి మన మీదికి విసురుతాయి. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. 250 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే పళ్ల వేగం సెకనుకు 50 మీటర్లు దాటుతుంది. చెక్క ఎగిరిపోగానే దాన్ని తోస్తున్న చెయ్యికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు పడుతుంది బ్లేడు మీద.

దీనికి విరుగుడు బ్లేడు వెనక నిలబడే పలచటి ఉక్కు రేకు. దాన్ని రివింగ్ నైఫ్ అంటారు. కోసిన చీలికను మూసుకోనివ్వకుండా పట్టి ఉంచడమే దాని పని. యూరప్‌లో ఎప్పట్నుంచో ఉన్నదే. అమెరికాలో యూఎల్ ప్రమాణం మారాక 2010 కల్లా కొత్త టేబుల్ సాలన్నిటికీ వచ్చింది. మీ రంపంలో ఇలా చూడండి. ప్లగ్గు తీసేసి బ్లేడును పైకి ఎత్తండి. రేకు కూడా బ్లేడుతో పాటే లేవాలి, దించితే దిగాలి, వంచితే వంగాలి. బల్ల మట్టం దగ్గర బ్లేడు పళ్లకీ రేకుకీ మధ్య సందును స్కేలుతో కొలవండి. అది 8 మిల్లీమీటర్లు దాటకూడదు. రేకు మందం బ్లేడు ఒంటి మందం కన్నా ఎక్కువ, పళ్లు కోసే చీలిక వెడల్పు కన్నా తక్కువ ఉండాలి. బ్లేడు మార్చినప్పుడల్లా ఈ కొలత మళ్లీ చూడాలి. సన్నటి బ్లేడు వేసి పాత రేకు ఉంచితే చెక్క రేకు దగ్గరే ఇరుక్కుంటుంది. అప్పుడు విసుగొచ్చి రేకే తీసేస్తారు. రేకులు మాయమయ్యేది ఎక్కువగా ఇలాగే.

పైనుండే బ్లేడు గార్డు చెక్కకి వీలైనంత దగ్గరగా దిగాలి. చెక్కను తోసే కర్ర కనీసం 450 మిల్లీమీటర్ల పొడవుండాలి. కోత చివరి 300 మిల్లీమీటర్లలోనూ, మొత్తం ముక్కే 300 కన్నా పొట్టిగా ఉన్నప్పుడూ చెయ్యి పక్కనబెట్టి కర్రతోనే తోయాలని బ్రిటన్ భద్రతా సంస్థ సూచన. మిషన్‌తో కర్ర రాకపోతే కొనక్కర్లేదు, ప్లైవుడ్ ముక్కతో మీరే కోసుకోవచ్చు. రంపం దగ్గర చేతికి గ్లౌజులు వద్దు. బ్లేడు పన్ను గుడ్డను పట్టుకుంటే వేలిని కూడా లాక్కుంటుంది.

వేలు తగలగానే ఆగిపోయే రంపాల మాటేమిటని అడుగుతారు. స్టీవ్ గాస్ అనే అమెరికన్, భౌతికశాస్త్రం చదివిన పేటెంట్ లాయరు, 1999లో ఈ ఆలోచన చేశాడు. బ్లేడు మీద చిన్న విద్యుత్ సిగ్నల్ నడుస్తుంటుంది. ఎండిన చెక్క తగిలితే అది పెద్దగా మారదు, ఒళ్లు తగిలితే మారిపోతుంది. మారిన క్షణాన స్ప్రింగు ఓ అల్యూమినియం దిమ్మను బ్లేడు పళ్లలోకి కొడుతుంది. 5 మిల్లీసెకన్లలో బ్లేడు ఆగుతుంది. దాన్ని వేలికి బదులు హాట్‌డాగ్ అనే మాంసపు చుట్టతో చేసి చూపించేవాడు. పెద్ద కంపెనీలు తీసుకోకపోవడంతో సా స్టాప్ పేరుతో సొంతంగా రంపాలు పెట్టాడు. ఇలాంటి రక్షణ తప్పనిసరి చేయమని 2003లో సీపీఎస్‌సీకి అర్జీ పెట్టుకున్నాడు. సంస్థ నిబంధన ప్రతిపాదించింది 2017లో, సవరించి మళ్లీ ప్రతిపాదించింది 2023లో. అంటే అర్జీకీ సవరించిన ప్రతిపాదనకీ మధ్యే ఇరవై ఏళ్లు. రేటు పెరుగుతుందని, పేటెంట్లన్నీ ఒకరి చేతిలోనే ఉన్నాయని మిగతా కంపెనీలు అడ్డుపడ్డాయి. పేటెంట్ల గురించిన వాదనలో నిజం ఉంది. అయినా తెగిన వేళ్ల లెక్క ముందు పెట్టుకుంటే ఇరవై ఏళ్లు నాకు చాలా ఎక్కువనిపిస్తుంది.

ఆ ప్రతిపాదనలో మీకు పనికొచ్చే అంకె ఒకటుంది: సెకనుకు 1 మీటరు వేగంతో వేలిలాంటి వస్తువు బ్లేడుకి తగిలితే 3.5 మిల్లీమీటర్ల కన్నా లోతుగా కోయకూడదు. ఆటోమేటిక్‌గా ఆగుతుందని చెప్పి ఎవరైనా రంపం అమ్మితే ‘ఎంత లోతు తెగాక ఆగుతుంది?’ అని అడగండి. జవాబు మిల్లీమీటర్లలో రావాలి. ఇలాంటి రంపాల్లో తడి చెక్క కోసేటప్పుడు ఆ రక్షణను ఆపే బైపాస్ ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే అది అలాగే ఉండిపోయిందేమో చూడండి. బ్రేకు ఒక్కసారి పనిచేస్తే ఆ దిమ్మ ఉండే కార్ట్రిడ్జి మార్చాలి, బ్లేడు కూడా సాధారణంగా పనికిరాకుండా పోతుంది. అందుకని మండిపడినవాళ్లూ ఉన్నారు. కొత్త బ్లేడుకి డబ్బు పోయిందన్న బాధే మిగిలితే అదృష్టమే కదా.

గ్రైండర్, దాని డిస్కులు

ఇందాక రాసుకున్న చుట్ల అంకె ఇప్పుడు తీయండి. డిస్కు మీద కూడా గరిష్ఠ చుట్లు రాసి ఉంటాయి. డిస్కు అంకె ఎప్పుడూ మిషన్ అంకె కన్నా ఎక్కువో సమానమో ఉండాలి. మామూలు కటింగ్ డిస్కులు అంచు దగ్గర సెకనుకు 80 మీటర్ల వేగం తట్టుకునేలా చేస్తారు, అంటే గంటకు 288 కిలోమీటర్లు. అందుకే డిస్కు పెద్దదయ్యేకొద్దీ చుట్లు తగ్గుతాయి: 125 మిల్లీమీటర్లదానికి 12,200 దాకా, 180దానికి దాదాపు 8,500, 230దానికి దాదాపు 6,600.

చిన్న గ్రైండర్‌కి గార్డు పీకేసి పెద్ద డిస్కు బిగించడం చాలాచోట్ల చూస్తుంటాం. అరిగిన పెద్ద డిస్కు పారేయడం ఎందుకని. లెక్క వేద్దాం. 11,000 చుట్లు తిరిగే గ్రైండర్‌కి 180 డిస్కు వేస్తే అంచు వేగం సెకనుకు దాదాపు 104 మీటర్లు. డిస్కును చీల్చే బలం వేగం వర్గం ప్రకారం పెరుగుతుంది కాబట్టి అది తట్టుకోవాల్సిన దానికన్నా సుమారు 70 శాతం ఎక్కువ. డిస్కు పగిలితే ముక్కల్ని ఆపాల్సిన గార్డును ముందే మనమే తీసేశాం. గార్డు ఊడితే తప్ప డిస్కు పట్టడం లేదంటే, ఆ డిస్కు ఆ మిషన్‌ది కాదు. ఇంతకన్నా తేలికైన పరీక్ష లేదు.

డిస్కు నడిమధ్య లోహపు రింగు మీద నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. అది గడువు తేదీ. జిగురుతో చేసిన ఈ డిస్కులు తేమకి బలం కోల్పోతాయి కాబట్టి యూరప్ ప్రమాణం ఈఎన్ 12413 తయారీ నుంచి 3 ఏళ్లకు మించి గడువు ఇవ్వనివ్వదు. డిస్కుకి కూడా ఎక్స్‌పైరీ ఉంటుందా అని నవ్వినవాళ్లు నాకు తెలుసు. రింగు చూపించాక నవ్వలేదు.

గ్రైండర్‌కి పళ్లున్న చెక్క బ్లేడు ఎప్పుడూ వేయొద్దు. రంపంలో ఉండే రివింగ్ నైఫ్ ఇందులో లేదు, చుట్లు మాత్రం రంపం కన్నా రెండింతలు పైగా. పన్ను ఇరుక్కుంటే మిషన్ చేతిలోంచి ఎగురుతుంది. బల్లకి బిగించే గ్రైండర్ అయితే రెండు సందులు కొలవండి: చక్రానికీ వస్తువు ఆనించే రెస్టుకీ మధ్య 3 మిల్లీమీటర్లు, పైనున్న నాలుకలాంటి గార్డుకీ చక్రానికీ మధ్య 6 దాటకూడదు. చక్రం అరిగేకొద్దీ ఇవి పెరుగుతుంటాయి కాబట్టి మళ్లీ దగ్గరికి జరుపుతూ ఉండాలి.

బ్రష్ కట్టర్ ఉన్నవాళ్లకి ఓ మాట. దానికి గొలుసు ముక్కలు తగిలించిన అటాచ్‌మెంట్లు అమ్ముతుంటారు. తిరుగుతుండగా లింకు తెగితే అది బుల్లెట్ లాగే పోతుంది. అలా ఒక మనిషి చనిపోయాక యూరోపియన్ కమిషన్ 2012 జనవరిలో వాటి అమ్మకాన్ని నిషేధించమని సభ్యదేశాలన్నిటినీ ఆదేశించింది. మీ దగ్గర ఉంటే తీసి పారేయండి, ఇంకెవరికీ ఇవ్వకండి.

స్విచ్, ఆగే సమయం

ఇప్పుడు కరెంటు పెట్టొచ్చు. గ్రైండర్‌కైతే డిస్కు తీసేయండి, టేబుల్ సాకైతే బ్లేడును బల్ల కిందికి పూర్తిగా దించి పక్కకి నిలబడండి.

స్విచ్ వేసి, మిషన్ తిరుగుతుండగా గోడ దగ్గర కరెంటు ఆపండి. మిషన్ పూర్తిగా ఆగాక, దాని స్విచ్ ముట్టుకోకుండా గోడ దగ్గర మళ్లీ వేయండి. మిషన్ తనంతట తాను తిరగడం మొదలుపెట్టకూడదు. పెడితే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మీరు బ్లేడు మీద చెయ్యి పెట్టి ఉన్నా అది తిరుగుతుందన్నమాట. పాత గ్రైండర్లలో ఇది మామూలే. బల్ల మీద వాడే మిషన్‌కి కరెంటు పోగానే దానంతట అదే ఆఫ్ అయిపోయే నో వోల్ట్ రిలీజ్ స్విచ్ విడిగా పెట్టించుకోవచ్చు. చేతి గ్రైండర్ అయితే మార్చేయడమే మేలు.

తర్వాత స్విచ్ ఆపినప్పట్నుంచి బ్లేడు నిలిచేదాకా ఎంతసేపో లెక్కపెట్టండి. అమెరికాలో 1982 నుంచి, వెనక నడుస్తూ తోసే పచ్చిక కోత మిషన్లకి కచ్చితమైన నియమం ఉంది: హ్యాండిల్ దగ్గరి బారు వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగాలి. ఆ బారును తీగతో కట్టేసి నడిపేవాళ్లున్నారు. ఆ తీగ విప్పేయండి. యూరప్‌లో చెక్క రంపాలకి సాధారణంగా 10 సెకన్ల హద్దు. మీ మిషన్‌కి అంతకన్నా ఎక్కువ పడితే, ఆగేదాకా అక్కడే నిలబడటం తప్పదు. ఆఫ్ చేసి వెనక్కి తిరిగిన మనిషి మోచెయ్యి దానికి తగలొచ్చు.

కరెంటు సంగతి క్లుప్తంగా. నేమ్ ప్లేట్ మీద చతురస్రంలో చతురస్రం బొమ్మ ఉంటే అది డబుల్ ఇన్సులేషన్, దానికి ఎర్త్ పిన్ను అక్కర్లేదు. ఆ బొమ్మ లేకుండా లోహపు ఒళ్లున్న మిషన్‌కి రెండు పిన్నుల ప్లగ్గు ఉంటే వాడొద్దు. ఆరుబయట వాడే లైనుకి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీడీ పెట్టించండి. బ్లేడు మార్చేముందు ప్లగ్గు పీకాలి, బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ తీసేయాలి. ట్రిగ్గర్ లాక్ ఉంది కదా అని వదిలేయొద్దు.

పుస్తకంలో అదురు అంకె

మిషన్ పుస్తకంలో వెనకెక్కడో అదురు ఎంతో రాసి ఉంటుంది. ఎవరూ చదవని పేజీ అది. యూరప్‌లో పనివాళ్లకి ఎనిమిది గంటల సగటు 2.5 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 దాటనివ్వకూడదు. మీ మిషన్ అదురు 10 అనుకుంటే మొదటి హద్దు అరగంటలో, రెండోది 2 గంటల్లో వచ్చేస్తుంది. అక్కడితో ఆ రోజుకి ఆపాలి. వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కడం మొదలైతే హద్దు ఎప్పుడో దాటిపోయినట్టే. చప్పుడు 85 డెసిబెల్స్ దగ్గర్నుంచి చెవులకి రక్షణ కావాలి, రంపాలు గ్రైండర్లలో చాలావరకు ఈ హద్దు దాటేవే.

రీకాల్ వచ్చిందేమో చూడటం, ఫిర్యాదు చేయడం

లోపం బయటపడ్డ మిషన్లను తయారీదారు వెనక్కి పిలవడమే రీకాల్. ఫోటో తీసుకున్న మోడల్ నంబరు ఇప్పుడు బయటికి తీయండి. అమెరికాలో సీపీఎస్‌సీ సైటు, యూరప్‌లో సేఫ్టీ గేట్, అనేక దేశాల రీకాల్స్ ఒకచోట చూపే ఓఈసీడీ పోర్టల్, మూడింట్లోనూ వెతకండి. ఒకే ఫ్యాక్టరీలో తయారైన మిషన్ వేర్వేరు పేర్లతో అమ్ముడుపోతుంటుంది కాబట్టి పేరుతో దొరక్కపోతే మోడల్ నంబరుతో వెతకండి. రీకాల్ ఉంటే సీరియల్ నంబరు ఏ వరసలో పడుతుందో అక్కడే రాసి ఉంటుంది.

మీకే ఏదైనా జరిగితే, గాయం కాకపోయినా, గార్డు విరిగినా, డిస్కు పగిలినా, మిషన్‌ని ఉన్నది ఉన్నట్టు పక్కన పెట్టండి. బాగు చేయకండి, ముక్కలు ఊడ్చి పారేయకండి. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. ఏ డిస్కు, ఏ పని, గార్డు ఉందా లేదా, స్విచ్ ఎలా ఉంది అన్నవి ఆ రోజే రాయండి. గార్డు మీరే తీసి ఉంటే అది కూడా దాచకుండా రాయండి. ఎందుకు తీయాల్సి వచ్చిందో రాస్తే ఇంకా మంచిది. గార్డు పనికి అడ్డొస్తే తీసేసేవాళ్లు మీరొక్కరే కారు, అది డిజైన్ తప్పు అయ్యుండొచ్చు. ఆ కాగితాన్ని మీ దేశంలోని వినియోగదారుల భద్రతా సంస్థకీ, తయారీదారుకీ పంపండి. అమెరికాలో సేఫర్ ప్రొడక్ట్స్ అనే ప్రభుత్వ సైటులో ఎవరైనా నేరుగా ఫిర్యాదు రాయొచ్చు, రాసినది కంపెనీకి కూడా చేరుతుంది. పంపినదాని నకలు మిషన్ పుస్తకంలోనే మడిచి పెట్టుకోండి.